హాజరుపట్టీ చెప్పు పాఠము

ప్రతి సంవత్సరమును పాఠశాలా సంచిక వెలువడునపుడు చదువరుల కన్ను మొదట విజయవార్తలమీఁదికిఁ బోవును. పరీక్షలో నూటికింతమంది కృతార్థులైరి, ఆటలయందిన్ని బహుమానములు వచ్చెను, వక్తృత్వపు పోటీయందు మన బాలిక ప్రథమస్థానమును పొందెను అని చదివి తలిదండ్రులు సంతోషింతురు, పూర్వవిద్యార్థులు గర్వింతురు. ఆ సంతోషము న్యాయమైనదే. దానిని తగ్గింపవలెనని మా యుద్దేశము గాదు. కాని యట్టి వార్తలను చదువుటకును ఒక క్రమము కలదు. ఆ క్రమమును అయిజ ప్రాంతపు స్థితిగతుల నాధారము చేసికొని వివరించుటయే యీ వ్యాసముయొక్క ప్రయోజనము. పాఠశాల యెంత గెలిచినదో తెలియవలెనన్న ఫలితముల పట్టికకు ముందు హాజరుపట్టీని తెఱవవలెనని మేము చెప్పఁబూనినాము.

1. విద్వద్గద్వాల

కృష్ణా తుంగభద్రానదుల నడుమనున్న భూమిని మనవారు నడిగడ్డ యందురు. గద్వాలకు దక్షిణముగా, కొంచెము పడమటి వైపునకు, తుంగభద్రకు చేరువలో అయిజ యున్నది. ఈ సీమకు విద్యాసంబంధమైన కీర్తి క్రొత్తది కాదు. గద్వాల సంస్థానాధీశులు పండితులను, కవులను పిలిచి సత్కరించి పోషించినందున ఆ పట్టణమునకు విద్వద్గద్వాల యను పేరు కలిగెను. నేఁటికిని సభలయందు ఆ పేరు వినఁబడుచునే యున్నది.

ఇఁక రెండవ ప్రక్కను చూతము. 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీని జోగులాంబ గద్వాల జిల్లా యేర్పడెను. 2011వ సంవత్సరపు జనాభా లెక్కలను ఈ జిల్లా మేరకు కూర్చి చూచినచో అక్షరాస్యత నూటికి 49.87 అని తేలినది. తెలంగాణ రాష్ట్రమంతటికిని ఆ లెక్క 66.54, హైదరాబాదు జిల్లాకు 83.25. రాష్ట్రములోని జిల్లాలన్నిటిలోను మన జిల్లాయే కడపటిది. స్త్రీలను వేఱుగా లెక్కించినచో సంఖ్య యింకను క్రిందికి దిగును. విద్వాంసులను పల్లకిలో నూరేఁగించిన సీమయందు ఆ లెక్కలనాఁటికి ఏడేండ్లు నిండినవారిలో సుమారు సగముమంది చదువ వ్రాయ నేరకుండిరి.

ఈ రెండు మాటలును నిజములే. ఒకటి కొందఱి ఘనతను చెప్పుచున్నది. రెండవది అందఱి స్థితిని చెప్పుచున్నది. పాఠశాలా వార్తలయందును ఇట్టి రెండు లెక్కలు ఎల్లప్పుడును ఉండును. మొదటిది అచ్చుపడును, రెండవది బీరువాలోని పట్టీయందు నిలిచిపోవును.

2. నూటికి ఎంత? ఏ నూటికి?

మన గణితోపాధ్యాయులు శాతమును బోధించునపుడు దేనిలో నూటికి అని మొదట అడుగవలెనని చెప్పుదురు గదా. పదియవ తరగతి ఫలితములయందు ఆ ప్రశ్నను మనము మఱచిపోవుచున్నాము. ఊహకు రెండు పాఠశాలలను తీసికొందము. మొదటి పాఠశాలయందు ఆఱవ తరగతిలో 100 మంది చేరిరి. ఏఁటేఁట కొందఱు తగ్గిపోయి పదియవ తరగతి పరీక్షకు 60 మంది మాత్రము కూర్చుండిరి. వారిలో 57 మంది కృతార్థులైరి. అరువదిలో ఏఁబదియేడన్నచో నూటికి 95. రెండవ పాఠశాలయందును ఆఱవ తరగతిలో 100 మందియే చేరిరి. పరీక్షకు 90 మంది కూర్చుండిరి. వారిలో 81 మంది కృతార్థులైరి. అనఁగా నూటికి 90.

పత్రికలయందు మొదటి పాఠశాల పేరు పైన నుండును. కాని చేరిన నూర్గురిలో చదువు ముగించినవారెందఱని యడిగినచో మొదటి దాని లెక్క 57, రెండవ దాని లెక్క 81. వెనుకఁబడినదని తలఁచినది యిరువదినలుగురు బిడ్డలమేరకు ముందున్నది. అంకెలు మాఱలేదు, మన ప్రశ్న మాత్రమే మాఱినది.

ఇందొక జాగ్రత్త వలయును. తగ్గినవారందఱును చదువు మానినవారని తలఁపరాదు. కొందఱు వేఱు పాఠశాలకు మాఱియుందురు. కొందఱి తలిదండ్రులు ఊరు విడిచి పోయియుందురు. కావున బదిలీపత్రము గైకొని వెళ్లినవారిని వేఱుగా, ఏమియు చెప్పక మానినవారిని వేఱుగా వ్రాసికొనవలెను. ఈ భేదమును చూపకుండ లెక్కించినచో అదియు తప్పుత్రోవయే.

3. పువ్వు గడియ, బడి గంట

అయిజ, గద్వాల ప్రాంతములయందు బిడ్డలు బడికి రాకుండుటకుఁ గల కారణములలో పెద్దది తెల్లని పత్తిపువ్వు. ఈ సీమ సంకరజాతి పత్తివిత్తనముల పంటకు పేరువడసినది. ఊరివారు దీనిని సీడుపత్తి యందురు. సాధారణమైన పత్తిచేనికిని దీనికిని గల భేదమును తెలిసికొన్నచో హాజరుపట్టీలోని ఖాళీగళ్లు ఏల యేర్పడుచున్నవో తెలియును.

పత్తిపువ్వునందు కేసరములును అండాశయమును ఒక్క పువ్వులోనే యుండును. దానిని దానంతట విడిచినచో విశేషముగా తన పుప్పొడితోనే తాను ఫలించును. రెండు జాతులను కలిపి సంకరవిత్తనము చేయవలెనన్నచో ఒక జాతి మొక్కను తల్లిగాను, వేఱొక జాతి మొక్కను తండ్రిగాను ఏర్పఱచుకొందురు. తల్లిమొక్కమీఁద మఱునాఁడు విచ్చుటకు సిద్ధముగానున్న మొగ్గను ముందునాఁటి మధ్యాహ్నమునుండి సాయంకాలమువఱకు వెదకి పట్టి, ఱేకులను, పుప్పొడితిత్తులను గోటితో ఒలిచివేయుదురు. నడుమనున్న కీలాగ్రమునకు గాయము తగులరాదు. ఒక్క తిత్తియైనను మిగులరాదు. మఱునాఁడుదయమున తండ్రిమొక్క పువ్వులను కోసి తెచ్చి, వాని పుప్పొడిని ఆ కీలాగ్రమునకు రాయుదురు. ఇది యెండ ముదురకముందే, మధ్యాహ్నములోపల, ముగియవలెను. పువ్వు ఒక్క దినమునకే యోగ్యము. ఉదయము మీఁగడవన్నెతోనున్న పువ్వు మఱునాఁటికి ఎఱ్ఱవాఱి వాడిపోవును. రైతులు ఈ పనియంతటిని క్రాసింగు అందురు. వానకాలపు నడుమ మొదలై యిది సుమారు రెండు నెలలు నడచును. ఒక్కొక్క మొగ్గకును రెండుమాఱులు మనుష్యుని చేయి తగులవలెను.

ఇప్పుడు బడి వేళలను దీని ప్రక్కను పెట్టి చూడుఁడు. పుప్పొడి రాయు వేళకు బడిలో మొదటి గంట మ్రోగును. మొగ్గలు ఒలుచు వేళకు మధ్యాహ్నపు పాఠములు నడచుచుండును. వరికోఁతవలె ఒక వారము సెలవిచ్చి తీర్చుకొనుటకు ఇది వీలుగాని పని. కళ్లము పనివలె రాత్రికి వాయిదా వేయుటకును వీలులేదు. పువ్వు గడియయు బడి గంటయు ఒక్కటే యగుటచేత, చేనికిఁ బోయిన బిడ్డ యుదయమును, సాయంకాలమును రెండును బడికి దూరమగును.

సంకరవిత్తనమును ఏఁటేఁట క్రొత్తగా చేయవలసియుండుటకును కారణము కలదు. సంకరపంటనుండి తీసిన గింజలను మరల విత్తినచో మొక్కలు ఒక్కతీరున రావు. కొన్ని తల్లివలె, కొన్ని తండ్రివలె, కొన్ని వేఱుగా నుండును. మెండెలు నిరూపించిన వంశక్రమ సూత్రము పాఠ్యపుస్తకమునందేగాక చేనియందును కనఁబడును. 1970వ సంవత్సరమున గుజరాతులోని సూరతునందు సి. టి. పటేలు గారు తయారుచేసిన నాలుగవ సంకరజాతి మొదలుకొని మనదేశమున సంకరపత్తి వ్యాపించినది. ఆ విత్తనముల కొఱకు వేలకొలఁది చేతులు అవసరమైనవి.

4. చిన్నచేతులనే యేల పిలిచిరి?

బాలికల వ్రేళ్లు సన్ననివి, మొగ్గ నలుగదు, అందుచేత వారినే పిలుతుమని చెప్పుట కలదు. ఈ మాట పరీక్షకు నిలువదు. పెద్దవారును ఈ పనిని చక్కగా చేయుచున్నారు. నిజమైన కారణములు వేఱు. బిడ్డకు ఇచ్చు కూలి పెద్దవారి కూలికంటె తక్కువ. బిడ్డ ఎదురు మాటాడదు. పంటకు ముందే తలిదండ్రుల చేతిలో పడిన బయానా పైకమునకు బిడ్డ పని చెల్లుబడి యగును. విత్తనమునకు కొనువారు నిర్ణయించిన ధరయే ధర గనుక, రైతు తన ఖర్చులో తగ్గింపఁగలిగినది కూలి యొక్కటే. ఇట్లు పైనుండి క్రిందికి దిగివచ్చిన బరువు కడపట పండ్రెండేండ్ల బాలిక వీఁపున నిలుచుచున్నది.

రైతును నిందించి యూరకుండుట న్యాయముగాదు. తుంగభద్రపైని రాజోలిబండ ఆనకట్టనుండి వచ్చు కాలువ 87,500 ఎకరములకు నీరియ్యవలెనని యేర్పఱుపఁబడినది. కాలువ తుదనున్న పొలములకు చాలినంత నీరు అందకపోవుట ఈ సీమ యెఱిఁగిన కష్టము. కొలఁది భూమియు, కొలఁది నీరును గల కుటుంబమునకు సీడుపత్తి యితర పంటలకంటె నాలుగు రూకలెక్కువ తెచ్చును. ఆ రూకలతోనే పెద్దకుమారుని పట్టణమునకుఁ బంపి చదివించిన గృహస్థులును ఉన్నారు. ఒక యింటియందే అన్న చదువునకు చెల్లెలి చదువు వెలయగుట మన కనులయెదుట జరుగుచున్న విషయము. అందుచేతనే హాజరుపట్టీని చదువునపుడు బాలురను, బాలికలను వేఱువేఱుగా చదువవలెను.

పేరు పట్టీయందుండి రాకుండుటవలని నష్టము వెంటనే కనఁబడదు. బాలిక రెండు నెలలు చేనికిఁ బోయి మరల బడికి వచ్చును. పట్టీయందు పేరు కొట్టివేయఁబడలేదు గనుక ఎవరికిని భయము తోఁపదు. కాని భాద్రపదమునందు విడిచిన బీజగణితపు పాఠము మాఘమునందు సమీకరణమై యెదురుగా నిలుచును. తెలియని పాఠము సిగ్గును పుట్టించును. సిగ్గు గైరుహాజరును పెంచును. కొంతకాలమునకు బాలిక తనకు చదువు రాదని తానే నమ్మును. చేను ఆమె చదువును ఒక్కమాఱుగా లాగుకొనలేదు. ప్రతి వానకాలమున కొంచెము కొంచెముగా తీసికొనెను.

5. చట్టము ఎంతవఱకు తోడుపడును?

2009వ సంవత్సరమున చేయఁబడి 2010 ఏప్రిలు 1వ తేదీనుండి అమలునకు వచ్చిన విద్యాహక్కు చట్టము ఆఱేండ్లు మొదలు పదునాలుగేండ్లవఱకు గల బిడ్డలకు ఉచితమైన, నిర్బంధమైన విద్య నియ్యవలెనని శాసించినది. అది యెనిమిదవ తరగతితో ముగియును. 2016వ సంవత్సరమున సవరింపఁబడిన బాలకార్మిక చట్టము పదునాలుగేండ్లు నిండని బిడ్డలను ఏ పనిలోను పెట్టరాదనినది; బడివేళలు కానపుడును, సెలవులయందును తమ కుటుంబమునకు సాయపడుట దానికొక మినహాయింపు. పదునాలుగేండ్లు నిండి పదునెనిమిది నిండనివారిని అపాయకరమైన పనులలో పెట్టరాదు. ఇతరమైన పనులకు ఆ యడ్డు లేదు.

ఈ రెండు చట్టములను కలిపి చదివినచో ఒక సంగతి తెలియును. తొమ్మిదవ తరగతి బిడ్డకు సాధారణముగా పదునాలుగేండ్లుండును. అనఁగా ఉన్నతపాఠశాలలోని కడపటి రెండేండ్లు, పరీక్షకు సిద్ధపడవలసిన ఆ రెండేండ్లు, చట్టముయొక్క గొడుగు ముగిసిన తరువాత మొదలగుచున్నవి. ఆ చోట బిడ్డను పట్టి నిలుపునవి తలిదండ్రుల మనస్సు, ఉపాధ్యాయుల శ్రద్ధ, తోడి విద్యార్థుల స్నేహము. ఉన్నతపాఠశాలల భారము అందుచేతనే ప్రాథమికపాఠశాలల భారముకంటె ఒక పాలు ఎక్కువ.

వసతిగృహముల విలువయు ఇచ్చటనే బోధపడును. 1899వ సంవత్సరమున హీబర్టు దంపతులు హైదరాబాదు రాజ్యమునకు వచ్చిన పిమ్మట మెన్నొనైటు బ్రదరిను మిషనువారు నాగరుకర్నూలు, వనపర్తి మొదలగు చోట్ల స్థిరపడి, దేవాలయముతోపాటు వైద్యశాలను, పాఠశాలను నెలకొల్పిరి. దూరపు పల్లెల బిడ్డలకు బడిచెంతనే కూడును, పడకయు నేర్పఱుచుట మిషనువారు అనేక స్థలములయందు అవలంబించిన పద్ధతి. బిడ్డ దినమంతయు బడిదైనపుడు చేను పిలిచినను వినఁబడదు. 2004వ సంవత్సరమున మొదలైన కస్తూరిబాగాంధీ బాలికా విద్యాలయములును ఈ యెఱుకతోనే స్త్రీల అక్షరాస్యత తక్కువగానున్న మండలములయందు పెట్టఁబడినవి. 2014వ సంవత్సరము మే 25వ తేదీని ఎవరెస్టు శిఖరమునెక్కిన మాలావత్ పూర్ణ పదునాలుగేండ్లింకను నిండని గురుకుల విద్యార్థిని. ఆమె తలిదండ్రులు వ్యవసాయపు పనులతో జీవించువారు. ఆ కీర్తిని చదివి మనము ఉప్పొంగుదుము. కాని యా కీర్తికి మొదటి మెట్టు ఆమె పేరు ప్రతిదినమును ఒక పాఠశాలా హాజరుపట్టీయందు వ్రాయఁబడుటయే గదా.

6. లెక్కించి చూపినవారు

మన సీమలోనే ఒక గొప్ప యుదాహరణము కలదు. సురవరము ప్రతాపరెడ్డిగారు 1896వ సంవత్సరమున జన్మించిరి. వారి స్వగ్రామము ఇటిక్యాలపాడు నేఁడు మన జిల్లాలోనిదే. 1926వ సంవత్సరమున వారు గోలకొండ పత్రికను ప్రారంభించిరి. నైజాము రాజ్యమునందు తెలుఁగు కవులు పూజ్యమని యొక పండితుఁడు వ్రాయఁగా, రెడ్డిగారు కోపముతో వాదమునకు దిగి యూరకుండలేదు. ఊరూరికిని వార్త పంపి, కవుల పేళ్లను, పద్యములను, చరిత్రలను సమకూర్చిరి. 1934వ సంవత్సరమున వెలువడిన గోలకొండ కవుల సంచికయందు 354 మంది కవులు కనఁబడిరి. సున్న యన్న మాటకు మూఁడువందల యేఁబదినాలుగు పేళ్లే సమాధానమయ్యెను.

ఇందు మనము నేర్వఁదగిన పాఠము కలదు. కనఁబడనివారు లేనివారు గారు, లెక్కింపఁబడనివారు. ఒక్కొక్క పేరుగా వ్రాసినపుడే వారు లోకమునకు కనఁబడుదురు. బడి మానిన బిడ్డల విషయమును ఇట్టిదే. కొందఱు రాలేదు అన్న మాటకు ఎవ్వరును కదలరు. ఈ పేరుగల బాలిక, ఈ వీథిలోని బాలుఁడు, ఈ తేదీనుండి రాలేదు అన్నపుడు ఎవరో యొకరు లేచి వారి యింటికిఁ బోవుదురు.

డాక్టరు శాంతాసిన్హాగారు ఎం. వెంకటరంగయ్య ఫౌండేషను ద్వారా రంగారెడ్డి జిల్లాలో చేసిన పనియు ఈ తెఱఁగుదే. బడికి రాని ప్రతి బిడ్డయు బాలకార్మికుఁడే యని వారు ఎంచిరి. ఏండ్ల తరబడి పనిలోనున్న బిడ్డలను కొంతకాలము శిబిరములయందుంచి, విడిచిన పాఠములను నేర్పి, వారి యీడునకు తగిన తరగతిలో చేర్చిరి. ఈ సేవకుగాను 2003వ సంవత్సరమున వారికి రామన్ మెగసెసే బహుమానము లభించినది. వెనుకఁబడిన బిడ్డను క్రింది తరగతిలోని చిన్నపిల్లల నడుమ కూర్చుండఁబెట్టక, ఈడువారితో కూర్చుండఁబెట్టుటయే ఆ పద్ధతిలోని మర్మము. అప్పుడు సిగ్గు అడ్డురాదు.

7. మనము చేయఁదగిన పనులు

ఇంతవఱకు చెప్పినది తెలిసికొనుటకు. ఇఁక చేయుటకు కొన్ని మాటలు చెప్పుదుము. ఇవన్నియు ఉపాధ్యాయుల యనుమతితో విద్యార్థులు చేయఁగల పనులే.

మొదటిది. ప్రతి తరగతివారును ఒక పట్టిక వ్రాయవలెను. జూను మొదలు మార్చివఱకు నెలలను నిలువుగా వ్రాసి, ఒక్కొక్క నెలకును పనిదినములు, బాలుర హాజరు, బాలికల హాజరు అను మూఁడు గళ్లను పెట్టవలెను. రెండు మూఁడేండ్ల పట్టికలను ప్రక్కప్రక్కను ఉంచినచో ఏ నెలలో సంఖ్య కుంగుచున్నదో చిన్నపిల్లలకైనను తెలియును. వ్యాధులచేత కుంగినదా, పండుగలచేత కుంగినదా, చేనిచేత కుంగినదా యని విచారించి వ్రాయవలెను. ఊహించి వ్రాయరాదు.

రెండవది. మూఁడు దినములు వరుసగా రాని సహపాఠి యింటికి తరగతినుండి యిద్దఱు పోవలెను. వారు గద్దింపఁబోవుట గాదు. చెప్పిన పాఠములను, ఇచ్చిన లెక్కలను తీసికొనిపోవుట. ఒకరు తన్ను తలఁచుకొనుచున్నారని తెలిసిన బిడ్డ బడిని మఱువఁజాలదు.

మూఁడవది. క్రాసింగు ముగిసిన పిమ్మట వెనుకకు వచ్చినవారికొఱకు దినమున కొక గంట ప్రత్యేకముగా కేటాయింపవలెను. పై తరగతివారు క్రింది తరగతివారికి గణితమును, ఆంగ్లమును చెప్పవచ్చును. చెప్పువానికిని పాఠము గట్టిపడును.

నాలుగవది. తలిదండ్రుల సభయందు ఈ పట్టికనే చదివి వినిపింపవలెను. సీడుపత్తి మానుఁడని చెప్పినచో రైతు వినఁడు. వినుటకు అతనికి వీలును లేదు. పెద్దవారి చేతులతోనే పండింపుఁడని చెప్పవచ్చును. పుప్పొడి పుట్టని పురుషవంధ్యమైన తల్లిమొక్కలును శాస్త్రజ్ఞులచేత తయారుచేయఁబడినవి. అట్టి చోట్ల మొగ్గలనొలుచు పని తప్పి సగము శ్రమ తఱుగును. ఇట్టి సంగతులను విద్యార్థులు తెలిసికొని యింటియందు చెప్పుట మేలు.

కడపటిది. పాఠశాలలు ప్రకటించు వార్షిక వృత్తాంతములయందు కృతార్థుల శాతముతోపాటు మూఁడంకెలను అచ్చువేయవలెనని మేము కోరుచున్నాము: ఆఱవ తరగతిలో చేరినవారెందఱు, వారిలో తొమ్మిదవ తరగతికి చేరినవారెందఱు, పరీక్షకు కూర్చుండినవారెందఱు. మొదటి యేఁడు ఆ యంకెలు మనకు సంతోషము కలిగింపకపోవచ్చును. రెండవ యేఁట వాని ప్రక్కను వ్రాయుటకు మఱి మూఁడంకెలుండును. అప్పటినుండి మనము నడచుచున్న దిక్కు తెలియును.

లూకా సువార్త పదునైదవ అధ్యాయమునందలి గొఱ్ఱెలకాపరి కథను ఆదివారపు పాఠశాలయందు విననివారు మనలో లేరు. నూరు గొఱ్ఱెలలో ఒకటి తప్పిపోఁగా దానిని వెదకికొనుచు అతఁడు పోయెను. ఈ కథను చెప్పునపుడు అతని ప్రేమను మనము తలఁతుము; దానికి ముందు జరిగిన చిన్నపనిని తలఁపము. తొంబదితొమ్మిది మాత్రమే యున్నవని అతనికెట్లు తెలిసెను? అతఁడు లెక్కించెను. లెక్కింపని కాపరికి తప్పిపోయినది తెలియదు. తెలియనివానికి వెదకవలెనను తలంపు పుట్టదు. మన తరగతిగదులయందు ఉదయమున పేళ్లు పిలుచుట అట్టి పనియే. పలుకు వినఁబడని పేరు వచ్చినపుడు ఉపాధ్యాయుని కలము ఒక్క క్షణము ఆగును. ఆ క్షణమున తరగతిలోని మిగిలినవారందఱును కూడ ఆ పేరు ఎవరిదో తలయెత్తి చూతురుగాక.